ఎర్రగుడ్డ కట్టిన కాయ

మొన్న శనివారం షికాగో పక్కన మా షామ్‌బర్గ్ ఇంటికి కొత్త గ్యాస్ పొయ్యి వచ్చింది. ఇద్దరు మనుషులు వచ్చి పాతదాన్ని చక్రాల బండి మీదకెక్కించి తీసుకుపోయారు. మా ఆయన కొత్తదాని ముందు నిలబడి మీటలు తిప్పి చూపించారు.

"చూశావా, క్లిక్ అంటుంది, వెలుగుతుంది. లోపల పైలట్ దీపం ఉండదు. రాత్రీ పగలూ గ్యాస్ తగలెయ్యక్కర్లేదు" అన్నారు.

నేను అవెన్ తలుపు తీసి లోపల చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. బట్టల బీరువాలో చెయ్యి పెట్టినట్టుంది.

"ఇప్పుడు గింజలెక్కడ పెడ్తవ్ చెల్లె?" అని పక్కన నిలబడి ఎవరో అడిగినట్టు అనిపించింది. ఎవరో ఏమిటి, ఆవిడే.

ఆవిడ పేరు రాయను. ఉన్నన్నాళ్ళూ ఒక్కసారి పేరు పెట్టి పిలిచింది లేదు, అక్కా అనే పిలిచాను. ఇప్పుడు కాగితం మీద పేరు పెడితే ఎవరో పరాయి మనిషి గురించి రాసినట్టుంటుంది.

డెబ్భై ఎనిమిదిలో మేము ఈ దేశం వచ్చినప్పుడు ముందు దిగింది ఇక్కడ కాదు. ఇంకా పైన, మినెసోటాలో, పెద్ద సరస్సు ఒడ్డున ఉన్న చలి ఊళ్ళో. మా ఆయనకి అక్కడ కాగితం మిల్లులో ఉద్యోగం. మేము దిగింది ఏప్రిల్ నెల. మా తణుకులో అయితే ఆ రోజుల్లో మధ్యాహ్నం వీధి గుమ్మం దాటలేం. అక్కడేమో కిటికీ అంచుదాకా మంచు. ఊరంతటికీ తెలుగువాళ్ళవి రెండే ఇళ్ళు, మాది కాక వాళ్ళది. ఆవిడ భర్త ఆసుపత్రిలో డాక్టరు. వాళ్ళది కరీంనగర్ వైపు.

వచ్చిన మర్నాడే తలుపు చప్పుడైతే తీశాను. చీర మీద మగవాళ్ళ కోటు, కాళ్ళకి మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు, చేతిలో మూత పెట్టిన స్టీలు గిన్నె. నన్ను పలకరించలేదు. బూట్లు గుమ్మంలో విడిచి తిన్నగా వంటగదిలోకి నడిచి, అవెన్ తలుపు తీసి చెయ్యి లోపల పెట్టి చూసింది.

"పైలట్ ఉన్నది. బతికినవ్ పో" అంది.

అప్పటి పొయ్యిల్లో అవెన్ లోపల చిన్న దీపం ఎప్పుడూ వెలుగుతూ ఉండేది. దాని వేడికి లోపలంతా గోరువెచ్చగా ఉండేది. ఆ చలిలో మనవాళ్ళకి పెరుగు తోడుకునేది అక్కడే. ఆవిడ తోడు వేసి తెచ్చిన పాలగిన్నె లోపల పెట్టింది. ఆ తరువాత నడుం దగ్గర చీర మడతలోంచి ఉసిరికాయంత తడిగుడ్డ మూట తీసి గిన్నె పక్కన పెట్టింది.

"అదేంటండీ?" అన్నాను.

"టమాట గింజలు. గోలీలంత కాయలు కాస్తయ్. మా ఇంట్ల సగం పెట్టిన, మీ ఇంట్ల సగం. గింజ ఒక్క ఇంట్ల ఉండొద్దు." తలుపు మూసి, అప్పుడు నా మొహం చూసింది. "నీ పేరేంది చెల్లె?"

ఆ గింజలు వాళ్ళ పక్కింటి ముసలాయన ఇచ్చినవి. ఏదో చలిదేశం నుంచి వాళ్ళమ్మ ఓడలో వచ్చేటప్పుడు తెచ్చుకున్నదట. ఆయన ముసలితనంలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ, పెరట్లో చీరకట్టుతో మట్టి తవ్వుకుంటున్న ఈవిణ్ణి చూసి, కంచె మీంచి ఒక సీసా ఇచ్చి వెళ్ళాడట. ఆ ఊళ్ళో జూన్ మొదట్లో కూడా మంచు పడుతుంది, సెప్టెంబరులో మళ్ళీ మొదలవుతుంది. పెద్ద టమాటాలు పచ్చిగా ఉండగానే నల్లబడి పోయేవి. ఈ చిన్నవి మాత్రం తొందరగా కాసేవి. పులుపంటే పులుపు. షాపులో టమాటాలు అప్పట్లో తడిపిన అట్టముక్కల్లా ఉండేవి, ఎన్ని వేసినా చారుకి చారు రుచి వచ్చేది కాదు. ఆవిడ కాయలు గుప్పెడు పిసికితే ఇల్లంతా వాసన.

ఆవిడకి మాటలు తక్కువ, పనులు ఎక్కువ. మొలిచిన నారు ఖాళీ పాల అట్టడబ్బాల్లో పెట్టి కిటికీ దగ్గర వరసగా పేర్చేది. అటు వెళ్ళినా ఇటు వెళ్ళినా అరచేత్తో వాటి తలలు ఒకసారి నిమిరేది. ఫోన్ మోగుతున్నా నిమిరాకే ఎత్తేది.

"ఎందుకక్కా అలా?"

"లోపల గాలి లేదు గద. ఎవ్వరు కదిలియ్యకపోతే సన్నగ పొడుగ్గ పెరిగి పడిపోతయ్. జర కదిలిస్తె మెడ గట్టిపడ్తది." అని నా వైపు చూసి, "నువ్వు గూడ గట్లనే ఉన్నవ్. ఇంట్ల కూసుంటే పడిపోతవ్. నడువ్, దుకాణం పోదాం" అనేది. నాకు ఇంగ్లీషు రాదు, చదివింది ఐదో క్లాసు. ఆవిడకీ పెద్దగా రాదు, కానీ ఆవిడకి ఆ సంగతి పట్టేది కాదు. కావలసిన వస్తువు వేలితో చూపించి, షాపువాడితో తెలుగులో మాట్లాడి, పని చేసుకుని వచ్చేది.

మే నెలలో నారు బయటి చలికి అలవాటు పడాలి. పొద్దున ఒక్కొక్క పళ్ళెం బయట పెట్టేది, సాయంత్రం లోపలికి తెచ్చేది. నేలలో నాటాక గోడకి ఆనించి పెంచేది. ఎండ తగిలి కాలిన గోడ చీకటి పడ్డాక కూడా మొక్కలకి వేడి ఇస్తుందని. మంచు పడుతుందని రేడియోలో చెబితే నాకు ఫోన్ వచ్చేది. బాగున్నావా అనే మాట ఆ ఫోన్‌లో ఎప్పుడూ లేదు.

"ఇయ్యాల ఫ్రాస్ట్. చీరలు కప్పు" అని పెట్టేసేది.

రెండిళ్ళ పెరళ్ళలోనూ పాత చీరలు పరుచుకునేవి. పొద్దున పనికి వెళ్ళే అమెరికన్లు కార్లు నెమ్మది చేసి చూసుకుంటూ పోయేవారు.

రెండో ఏడో మూడో ఏడో డాక్టరు గారు ఒకరోజు ఆకలేసి, ఆవిడ ఇంట్లో లేకపోతే, పిజ్జా వేడి చేసుకుందామని అవెన్ వెలిగించారు. లోపల ఏముందో చూడలేదు. పెరుగు గిన్నె, గింజల మూట రెండూ ఉడికిపోయాయి. నేను వెళ్ళేసరికి ఆయన సోఫాలో తల వంచుకుని కూర్చున్నారు.

"డాక్టర్ సాబ్ ఆపరేషన్ చేసిండు చెల్లె. ఒక్కటి గూడ బతకలే" అంది ఆవిడ.

"నాకేమెర్క అమ్మా" అన్నారాయన నాతో. "అవెన్ల చెట్లు పెంచుతరని మెడికల్ కాలేజ్‌ల ఎవ్వరు చెప్పలే."

"పిజ్జా ఎట్లున్నది?"

"మంచిగనే ఉండె" అని ఆయన మెల్లగా అంటే ముగ్గురం నవ్వాం. మా ఇంట్లో సగం మూట క్షేమంగా ఉంది కాబట్టి ఆ నవ్వు. ఆ రోజునుంచి ఆవిడ పాత ఎర్ర రవికె చింపి, ఆ పీలిక అవెన్ పిడికి కట్టేది. ఎర్రగుడ్డ ఉంటే ముట్టకూడదని వాళ్ళింట్లో చట్టం.

అదే రవికె పీలికలు పెరట్లోనూ కట్టేది. ప్రతి ఏడూ అన్నిటికంటే ముందు పండే గుత్తికి ఒక ఎర్రపీలిక. అది విత్తనం కాయ. మొదట పండింది నోట్లో వేసుకోవడం ఆవిడ ఒప్పుకునేది కాదు. ఏది ముందు పండుతుందో దాని పిల్లలే వచ్చే ఏడు ముందు పండుతాయి, చలి ఊళ్ళో ఆ తొందరే కావాలి అనేది. ఆ కాయని బాగా మెత్తబడనిచ్చి, గుజ్జు సీసాలో పిండి, పైన నురగ కట్టాక కడిగి, గింజలు కాగితం మీద ఆరబెట్టి, దేవుడి దగ్గర అగరొత్తుల బూడిద రుద్ది దాచేది. ఆ బూడిద కోసం ఏడాది పొడుగునా అగరొత్తుల కింద పళ్ళెం పెట్టేది. పెట్టిన దండం సగం దేవుడికి, సగం గింజలకి.

ఇంకొకటి చెప్పాలి. ఆవిడకి ఎంగిలి పట్టింపు. వండేటప్పుడు ఉప్పు చూసేది కాదు. గ్లాసు పెదవికి తగలకుండా ఎత్తి పోసుకుని తాగేది. మా అమ్మాయి మూడేళ్ళప్పుడు వాళ్ళ పెరట్లో ఒక పండు కొరికి, మిగతా సగం ఆవిడ నోటికి అందించింది.

"ఆంటీ, తీస్కో. యమ్మీ."

"ఎంగిలి బిడ్డా. నువ్వే తిను."

పిల్ల మొహం చిన్నబుచ్చుకుని నా దగ్గరికొచ్చింది. "మమ్మీ, ఎంగిలి అంటే ఏంటి?"

ఇక్కడ పుట్టిన పిల్లకి ఏం చెప్పను? "జెర్మ్స్ అమ్మా" అన్నాను.

ఆవిడ గట్టిగా తల ఊపింది. "జెర్మ్స్ గాదు. జెర్మ్స్ సంగతి డాక్టర్ సాబ్ చూసుకుంటడు. మనం తిన్నంక మిగిలింది ఇంకొకలకు పెట్టొద్దు. అది ఎంగిలి." అని కొత్తది ఒకటి తెంపి పిల్ల చేతిలో పెట్టింది. "ఇది పెట్టు. ఇది తింట."

పిల్ల ఆ కాయని రెండు చేతులతో పెట్టింది. ఆవిడ వంగి నోరు తెరిచింది. ఆ మాట మా అమ్మాయి అప్పుడు నేర్చుకుంది.

తరువాత కొన్నేళ్ళకి ఒక చలికాలం ఆవిడకి అన్నం దిగడం మానేసింది. ముందు కడుపులో మంట అంది. డాక్టరు గారు వాళ్ళ ఆసుపత్రికే తీసుకెళ్ళారు, తరువాత పెద్ద ఊరికి తీసుకెళ్ళారు. తిరిగొచ్చాక ఆయన మా ఆయనతో గరాజ్‌లో నిలబడి చాలాసేపు ఇంగ్లీషులో మాట్లాడారు. నాకు ఆ మాటలు తెలియలేదు కానీ ఆయన చేతులు తెలిశాయి. కారు తాళాలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారుస్తూనే ఉన్నారు.

ఏప్రిల్ వచ్చింది. మూట కట్టే రోజులు. నేను గింజలు తడిపి తీసుకుని వెళ్ళాను, ఆవిడ వాటా వాళ్ళ అవెన్‌లో పెడదామని. ఆవిడ మంచం మీద ఉంది. జ్వరం విడవడం లేదు.

"ఇటు తే" అంది.

మూట ఇచ్చాను. దుప్పటి కిందకి తీసుకెళ్ళి నడుం దగ్గర దోపుకుంది.

"అక్కా, అవెన్‌లో పెడతాను."

"ఎందుకు? ఒళ్ళు పొయ్యి లెక్క కాల్తున్నది. ఊకెనే పోతున్నది వేడి. గింజలకైన పనికొస్తది."

నేను వంటగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి నిలబడ్డాను. ఏడవడానికి ఆ ఇంట్లో వేరే చోటు లేదు.

అవి అవెన్‌లో పెట్టిన వాటికంటే ముందు మొలిచాయి. గుడ్డ విప్పి చూపించింది. తెల్లటి వేళ్ళు, సన్నగా, దారప్పోగుల్లా. పక్కనే డాక్టరు గారు బి.పి. చూడటానికి వచ్చి నిలబడి ఉన్నారు. ఆ మొలకల్ని చూసి, మిషను అక్కడే పెట్టేసి వరండాలోకి వెళ్ళిపోయారు.

ఆ ఏడు నాటిందంతా నేనే, వాళ్ళ పెరట్లో, ఆవిడ కిటికీలోంచి కనిపించే గోడ పక్కన. వేసవి అని పేరే కానీ ఎండ లేదు. సరస్సు మీంచి పొగమంచు వచ్చి మధ్యాహ్నందాకా కూర్చునేది. కాయలు గుత్తులు గుత్తులుగా పచ్చగా వేలాడుతూ ఉండిపోయాయి. మొదటి గుత్తికి ఎర్రపీలిక కట్టించింది, కిటికీలోంచి వేలు చూపించి మరీ.

నేను ఎప్పుడు వెళ్ళినా ఒకటే ప్రశ్న. "రంగు తిరిగిందా?"

"తిరుగుతుందక్కా."

"ఒక్కటి నోట్లె ఏసుకుంటే చాలు చెల్లె. ఈ నోట్లె మందుల చేదు తప్ప ఏం లేదు. పులుపు మర్చిపోయిన."

ఆవిడ నన్ను ఏదైనా అడగడం అదొక్కటే. మా ఆయన షాపులో ఖరీదైన టమాటాలు తెస్తే చప్పరించి, "ఇవి టమాటలకు ఫోటో తీసినట్టున్నయ్" అంది.

ఆగస్టు దాటుతుండగా ఒక పొద్దున డాక్టరు గారు ఫోన్ చేశారు. "అమ్మా, ఒకటి పండింది. రా."

వెళ్ళేసరికి ఆయన పండు అరచేతిలో పెట్టుకుని మంచం పక్కన నిలబడి ఉన్నారు. గోలీ అంత పండు. ఆవిడ దాన్ని చూడటం లేదు, ఆయన్ని చూస్తోంది.

"గుడ్డ కట్టినది తెంపినవా?"

"అదొక్కటే పండింది. మిగిలినయి పచ్చిగనే ఉన్నయ్. తిను."

"విత్తనం కాయ అది."

"తినవే" అన్నారాయన. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "గింజ, గింజ, గింజ. ఎవలకోసం? మొన్నటి సంది అడుగుతున్నవ్ గద ఒక్కటి నోట్లె ఏసుకుంటనని. మిగిలినయి పండేదాక..." అని ఆగిపోయారు. డాక్టరు కదా, తరువాతి మాట ఆయనకి తెలుసు.

ఆవిడకీ తెలుసు. నెమ్మదిగానే చెప్పింది. "నాది గాదది. ఆ ముసలాయన అమ్మది. ఓడల పట్టుకొచ్చింది ఆమె. నేను నడుమల తిన్నదాన్ని. నా తోని ఒడిసిపోతే ఎట్ల?"

ఆయన పండు నా చేతిలో పెట్టి కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు.

నేను మంచం మీద కూర్చున్నాను. పండు వెచ్చగా ఉంది, ఆయన చేతి వేడి. నాకు చదువు లేదు, సర్దిచెప్పడం రాదు. తోచింది అన్నాను.

"అక్కా, రసం నువ్వు మింగు. గింజలు నా చేతిలో ఉమ్మెయ్యి. రెండూ అవుతాయి."

"ఎంగిలి గింజలు నీకిస్తనా?"

"నాకు కాక ఎవరికిస్తావు?"

"ఛీ. నీకసలు పట్టింపు లేదు. ఆంధ్రోళ్ళకు ఏ పట్టింపు లేదు."

"లేదు. నువ్వు తిని పెట్టింది నాకు ఎంగిలేంటక్కా?"

ఆవిడ నా మొహం చూసింది. వచ్చిన మర్నాడు అవెన్ తలుపు మూసి చూసినట్టే చూసింది. తరువాత నోరు తెరిచింది.

పండు పెట్టాను. కొరకడానికి బలం లేదు, నాలుకతో అంగిలికి నొక్కుకుంది. కళ్ళు మూసుకుంది. గొంతు ఒకసారి కదిలింది. బుగ్గలు లోపలికి పోయి ఉన్న ఆ మొహంలో పులుపుకి చిన్నపిల్లకి వచ్చినట్టు ఒక ముడత వచ్చింది.

"పుల్లగున్నది" అంది.

తరువాత నా అరచెయ్యి నోటి దగ్గరికి లాక్కుని, నాలుక చివరనుంచి ఒక్కొక్క గింజే వదిలింది. ఒక్కటీ మింగలేదు. జిగురుతో, తొక్కతో, నా చేతిలో తడిగా. అయిపోయాక చీర చెంగుతో నోరు తుడుచుకుని, సిగ్గుపడినట్టు మొహం పక్కకి తిప్పుకుంది.

"నీళ్ళతోని కడుగు. కడిగి బూడిద రుద్దు."

"అలాగే."

నేను కడగలేదు.

ఎర్రగుడ్డ కట్టిన కాయ కాక మిగతావి పచ్చిగా ఉండగానే ఆవిడ వెళ్ళిపోయింది. ఆ వారమే గట్టి మంచు పడింది. చీరలు కప్పాలని ఎవరికీ తోచలేదు. పనికొచ్చే పచ్చికాయలు ఏరి పేపర్లో చుట్టి మా ఇంట్లో సొరుగులో పెట్టాను. అక్టోబరులో ఒక్కొక్కటే పండాయి. చారు పెట్టి డాక్టరు గారికి పంపితే గిన్నె కడిగి తిరిగొచ్చింది, తిన్నారో పారబోశారో అడగలేదు.

తరువాతి ఏప్రిల్‌లో ఆ గింజలు మొలిచాయి. సగం వాటా వాళ్ళింటికి తీసుకెళ్ళాను. ఆయన తీసుకున్నారు. మే నెలలో ఒక సాయంత్రం మా ఫోన్ మోగింది.

"ఇయ్యాల ఫ్రాస్ట్. చీరలు కప్పు" అని పెట్టేశారు.

మేము షికాగో వైపు మారిపోయి రెండేళ్ళు దాటింది. ఇక్కడ అంత చలి లేదు, వాళ్ళ ఊళ్ళో మంచు పడే రోజు ఇక్కడ పడదు. అయినా ఆయన ఫోన్ చేస్తూనే ఉన్నారు. రేడియోలో వాళ్ళ ఊరి కబురు విని నాకు చెబుతారు. సరే బావగారూ అంటాను. వెళ్ళి చీర కప్పుతాను. మా ఆయన ఏమీ అనరు.

మొన్న కొత్త పొయ్యి ముందు మాత్రం అన్నారు. "గింజల కోసమైతే ఎలక్ట్రిక్ హీటింగ్ ప్యాడ్ ఒకటి కొందాంలే. వేడి ఎంత కావాలంటే అంత పెట్టుకోవచ్చు."

"సరే" అన్నాను. ఆయన అటు వెళ్ళాక గింజలు తడిపి, పాత రవికె గుడ్డలో కట్టి, నడుం దగ్గర చీర మడతలో దోపుకున్నాను. నా ఒంట్లో జ్వరం లేదు కదా, ఆవిడ దగ్గర మొలిచినంత తొందరగా మొలవవు. వంట చేసుకుంటూ, వంగేటప్పుడు అటు పక్క చెయ్యి అడ్డం పెట్టుకుంటూ తిరుగుతున్నాను.

సోమవారం సాయంత్రం మా అమ్మాయి స్కూలు నుంచి వచ్చి నన్ను వాటేసుకుని, తడి తగిలి వెనక్కి జరిగింది.

"మమ్మీ, వాట్ ఈజ్ దట్? వెట్‌గా ఉంది."

"అక్కడ ఊళ్ళో ఆంటీ లేదూ, ఆంటీ తిని నాకిచ్చిన గింజలు."

అది వేలితో మూటని మెల్లగా తాకి చూసింది.

"ఎంగిలివేనా?" అంది.

"అవునమ్మా" అన్నాను. "ఎంగిలివే."